గట్టు మీది చెట్టు లెక్క: మెట్ట పొలాల్లో చెట్ల వైవిధ్యాన్ని, కర్బన నిల్వను కొలిచి పెంచుకునే మార్గదర్శి

2024లో వెలువడిన ఒక అధ్యయనం మన పొలాల గురించి చేదు నిజం చెప్పింది. దేశంలోని పంట భూముల్లో ఉన్న పెద్ద చెట్లను ఉపగ్రహ చిత్రాల సాయంతో ఒక్కొక్కటిగా గుర్తించి చూస్తే, 2010–11లో కనిపించిన వాటిలో సుమారు 11 శాతం 2018 నాటికి లేవు. 2018 నుంచి 2022 లోపు మరో 50 లక్షలకు పైగా పోయాయి. నష్టం ఎక్కువగా కనిపించిన ప్రాంతాల్లో తెలంగాణ ఒకటి. ఇవి అడవిలో చెట్లు కావు. గట్టు మీది వేపలు, చేను మధ్య ఇప్పలు, బావి దగ్గరి నేరేళ్ళు. బోరు పడి వరి మడి వచ్చాక నీడ అడ్డమైందని కొట్టేసినవి కొన్ని, ట్రాక్టరు తిరగడానికి తీసేసినవి కొన్ని.

అదే కాలంలో మొక్కలు నాటడంలో మనం తక్కువ చేయలేదు. పంటలతో కలిపి చెట్లు పెంచడానికి జాతీయ స్థాయిలో ఒక విధానాన్ని 2014లో ప్రకటించి, ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశమయ్యాం. అయినా ఒక పెద్ద చెట్టు పోయిన చోట ఎన్ని చిన్న మొక్కలు బతికితే నష్టం పూడుతుందో పొలంలో నిలబడి లెక్క కట్టేవారు అరుదు. ఆ లెక్క కట్టడం కష్టమేమీ కాదు. టేపు, ఫోను, కాస్త ఓపిక చాలు. రైతులు, వ్యవసాయ విద్యార్థులు, పల్లెల్లో పనిచేసే సంస్థల కార్యకర్తలు ఎవరైనా చేయవచ్చు. నేను పట్టుబట్టి చెప్పేది ఒక్కటే: ముందు ఉన్న చెట్టును లెక్కించండి, తర్వాత కాపాడండి, ఆ తర్వాతే కొత్తది నాటండి. ఈ వరస తలకిందులైన చోట డబ్బూ పోతుంది, చెట్లూ పోతాయి.

చేతిలో ఉండవలసినవి

బట్టలు కుట్టేవారు వాడే టేపు, పెద్ద మానుల కోసం 30 మీటర్ల టేపు, సరిగ్గా ఒక మీటరు పొడవున్న తిన్నని కర్ర, కొద్దిగా తెల్ల పెయింటు, గట్టి అట్ట ఉన్న నోటుపుస్తకం, ఫోను. ఇద్దరు మనుషులుంటే పని సాఫీగా సాగుతుంది, ఒకరు కొలిచి చెబుతారు, మరొకరు రాస్తారు. ఎండలు ముదరకముందు, పంట కోసేసిన తర్వాత మొదలుపెడితే మంచిది. అప్పటికి చేను ఖాళీగా ఉంటుంది, చాలా చెట్లకు పూతో కాయో ఉండి గుర్తుపట్టడం కూడా సులువవుతుంది.

మొదటి అడుగు: పొలాన్ని భాగాలుగా గీసుకోండి

నోటుపుస్తకంలో పొలం బొమ్మ గీయండి. కొలతలు కచ్చితంగా లేకపోయినా ఫర్వాలేదు, భాగాలు మాత్రం తప్పకుండా చూపాలి: గట్లు, చేను మధ్య, బావి లేదా బోరు చుట్టూ, పశువుల కొట్టం, కాలువ ఒడ్డు, తోటగా నాటిన ముక్క. ఒక్కో భాగంలో చెట్టు రావడానికి కారణం వేరు, బతకడానికి కారణం వేరు. చేను మధ్య చెట్టు రైతు కావాలని ఉంచుకున్నది. గట్టు మీదిది చాలాసార్లు పిట్ట తెచ్చిన గింజ నుంచి తనంతట వచ్చింది. ఏ చెట్టు ఎక్కడుందో రాయకుండా మొత్తం సంఖ్య మాత్రమే రాసుకుంటే, తర్వాత ఏం నాటాలో తేల్చుకునేటప్పుడు ఆ సంఖ్య ఎందుకూ పనికిరాదు.

ఐదెకరాల లోపు పొలమైతే ప్రతి చెట్టునూ లెక్కించండి. ఊరంతా చూడాలంటే నమూనాలు తీయక తప్పదు. చేను మధ్య 12.62 మీటర్ల వ్యాసార్థంతో వలయం గీస్తే సరిగ్గా 500 చదరపు మీటర్లు వస్తుంది. గట్లకు వలయం పనికిరాదు, 100 మీటర్ల పొడవు చొప్పున తీసుకోవాలి. ఏ సర్వే నంబర్లు చూడాలో చీటీలు తీసి నిర్ణయించండి. మనిష్టానికి వదిలేస్తే కాళ్ళు చెట్లున్న వైపే నడుస్తాయి, ఊరి సగటు ఉన్నదానికంటే ఎక్కువగా తేలుతుంది.

రెండో అడుగు: పేరు సరిగ్గా పట్టుకోండి

తొందరపడితే లెక్కంతా చెడేది ఇక్కడే. మన పల్లెల్లో వేప అన్న మాట కనీసం మూడు చెట్లకు అంటుకుని ఉంది. మామూలు వేప, తురక వేప, ఇటీవల ప్లైవుడ్ కోసం తోటలుగా నాటుతున్న మలబార్ వేప. తుమ్మ కూడా అంతే. నల్ల తుమ్మ, తెల్ల తుమ్మ, సర్కారు తుమ్మ వేర్వేరు చెట్లు, వాటి స్వభావాలూ వేరు. మామూలు వేప కలప గట్టిది, మలబార్ వేప కలప తేలిక. ఒకే లావు, ఒకే ఎత్తు ఉన్నా, గాలి నుంచి తీసుకుని ఆ రెండూ కలపలో దాచుకున్న కర్బనం ఒకటి కాదు. ఆ తేడా ఎంతో నాలుగో అడుగులో చూద్దాం.

అందుకని ప్రతి జాతికీ మూడు ఫోటోలు తీయండి: ఆకు, బెరడు, పువ్వు లేదా కాయ. పక్కన ఊరివాళ్ళు పిలిచే పేరు రాయండి. పశువులు కాసే పెద్దవాళ్ళను అడిగితే, ఏ చెట్టును మేక మేస్తుంది, దేని కర్ర మేడికి పనికొస్తుంది, ఏది చెద పట్టదు అన్నవి కూడా చెబుతారు. అవీ రాసుకోండి, ఏడో అడుగులో కావాలి. శాస్త్రీయ నామం తర్వాత దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలోనో, వృక్షశాస్త్ర అధ్యాపకుల దగ్గరో నిర్ధారించుకోవచ్చు.

మూడో అడుగు: చుట్టుకొలత, ఎత్తు

నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో మాను చుట్టుకొలత తీసుకోండి. ప్రతిసారీ అదే ఎత్తు వచ్చేలా మీ ఛాతీ మీద ఆ కొలత ఎక్కడికి వస్తుందో ముందే గుర్తుపెట్టుకోండి. చుట్టుకొలతను 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. 15 సెంటీమీటర్ల చుట్టుకొలత కూడా లేని పిల్ల చెట్లను కర్బన లెక్కలో వదిలేయవచ్చు. కానీ వాటి జాతులు, సంఖ్య వేరే పేజీలో రాయండి, రేపటి పెద్ద చెట్లు అవే.

పొలంలో చెట్లు పుస్తకంలో బొమ్మల్లా నిటారుగా ఉండవు కాబట్టి కొన్ని నియమాలు గుర్తుంచుకోవాలి. వాలు గట్టు మీద ఉంటే ఎగువ వైపు నిలబడి 1.3 మీటర్లు కొలవండి. వంగిన చెట్టుకు మాను వెంబడే టేపు పట్టుకుని ఆ దూరం చూడండి. ఆ ఎత్తులో బొడిపె ఉంటే దాని పైన కొలిచి, ఎంత ఎత్తులో కొలిచారో రాయండి. కానుగ, సీతాఫలం, నరికిన మోడు నుంచి చిగిర్చిన వేప తరచు కింది నుంచే రెండు మూడు కాండాలు వేస్తాయి. అలాంటప్పుడు ప్రతి కాండాన్నీ విడిగా కొలిచి, వ్యాసాల వర్గాలు కూడి, వర్గమూలం తీయండి. మర్రికి, రావికి మొదట్లో మాను మడతలు పడి ఉంటుంది, ఆ మడతలు ముగిసిన చోట కొలవాలి.

తాటి, ఈత, కొబ్బరి మాత్రం ఈ లెక్కలోకి రావు. అవి వయసుతో లావెక్కవు, ఎత్తే పెరుగుతాయి. కింద చెప్పే సూత్రం వాటికి వర్తించదు. జాతుల లెక్కలో వాటిని తప్పకుండా చేర్చండి, కర్బనాన్ని మాత్రం ఈ సూత్రంతో కట్టకండి.

ఎత్తుకు నీడ పద్ధతి చాలు. ఉదయం ఎండలో మీటరు కర్రను నిటారుగా నిలిపి దాని నీడ కొలవండి. వెంటనే చెట్టు మొదలు నుంచి కొన నీడ దాకా కొలవండి. కర్ర నీడ 1.2 మీటర్లు, చెట్టు నీడ 12 మీటర్లు ఉంటే చెట్టు ఎత్తు 10 మీటర్లు. చదును నేల మీదే ఇది కుదురుతుంది. రెండు కొలతల మధ్య ఆలస్యం చేయకండి, నీడ కదిలిపోతుంది.

మేకల కోసం కొమ్మలు నరికిన తుమ్మకు, కరెంటు తీగల కింద తల తీసేసిన వేపకు పక్కన "నరికినది" అని రాయండి. మాను లావుగా ఉన్నా పైన కొమ్మలు లేవు కనుక సూత్రం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మొత్తం తేల్చేటప్పుడు వీటిని విడిగా చూపించడం నిజాయితీ.

నాలుగో అడుగు: కర్బనం లెక్క

2014లో జెరోమ్ షావ్ బృందం ఉష్ణమండలంలోని 58 చోట్ల నరికి తూచిన 4,004 చెట్ల వివరాలతో ఒక సూత్రం తయారుచేసింది. చెట్టు నేలపై భాగం ఎండు బరువు కిలోల్లో కావాలంటే, కలప సాంద్రతను వ్యాసం వర్గంతోనూ ఎత్తుతోనూ గుణించి, ఆ వచ్చినదానికి 0.976 ఘాతం వేసి, 0.0673తో గుణించాలి. వ్యాసం సెంటీమీటర్లలో, ఎత్తు మీటర్లలో ఉండాలి. సాంద్రత అంటే ఘన సెంటీమీటరు కలప ఎండిన తర్వాత ఎన్ని గ్రాములు తూగుతుందన్నది. వేపకు సుమారు 0.69, టేకుకు 0.6కు అటూఇటూ, మామిడికి 0.55, సరుగుడుకు 0.8 పైన, మలబార్ వేపకు 0.4 దగ్గర, మునగకు 0.3 లోపు. తెలియని జాతికి ఆసియా ఉష్ణమండల జాతుల సగటు 0.57 వాడుకోవచ్చు.

ఒక గట్టు వేపను తీసుకుందాం. చుట్టుకొలత 126 సెంటీమీటర్లు, అంటే వ్యాసం 40.1. ఎత్తు 10 మీటర్లు. ఫోనులోని లెక్కల పట్టికలో ఇలా కొట్టండి:

=0.0673*(0.69*40.1^2*10)^0.976

సుమారు 597 కిలోలు వస్తుంది. ఇది నేలపై భాగం. వేళ్ళకు మరో 26 శాతం కలపండి, మొత్తం 752 కిలోలు. ఎండు బరువులో 47 శాతం కర్బనమని అంతర్జాతీయ ప్రమాణం, అంటే 354 కిలోల కర్బనం. దాన్ని 3.67తో గుణిస్తే అది గాలి నుంచి తీసుకున్న కార్బన్ డయాక్సైడ్ వస్తుంది: 1,300 కిలోలు, అంటే 1.3 టన్నులు.

ఇప్పుడు వ్యాసం 10 సెంటీమీటర్లు, ఎత్తు 6 మీటర్లు ఉన్న కుర్ర వేపను అదే సూత్రంలో పెట్టండి. నేలపై భాగం 24 కిలోలు. పెద్ద వేప దీనికి నాలుగింతల లావు, బరువులో మాత్రం దాదాపు 25 ఇంతలు. ఆ ఒక్క పెద్ద వేపను కొట్టేస్తే, దాని చోటు పూడ్చడానికి 25 మొక్కలు నాటితే చాలదు. 25 మొక్కలు బతికి, మేకలను, ఎండలను, నిప్పును తట్టుకుని 10 సెంటీమీటర్ల మందం దాకా ఎదగాలి. ఈ ఒక్క లెక్క ప్రతి రైతు సమావేశంలోనూ గోడ మీద రాయదగ్గది.

మలబార్ వేప సంగతి. అదే లావు, అదే ఎత్తు ఉన్న చెట్టుకు 0.69 బదులు 0.4 పెడితే 597 కాస్తా 351 కిలోలవుతుంది. పేరు పొరబడితే లెక్క 70 శాతం ఉబ్బిపోతుందన్నమాట.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఈ సూత్రం అడవి చెట్ల నుంచి వచ్చింది. చేలో ఒంటరిగా పెరిగే చెట్టు పొట్టి మానుతో, వెడల్పు కొమ్మలతో వేరుగా ఉంటుంది. ఒక్క చెట్టుకు వచ్చే అంకెలో తేడా పెద్దదే ఉండవచ్చు. లెక్కించే చెట్ల సంఖ్య పెరిగేకొద్దీ ఎక్కువలూ తక్కువలూ కొంతవరకు సర్దుకుంటాయి. అందుకే ఒక్క చెట్టు అంకెను కాక, పొలం మొత్తం అంకెను నమ్మండి. చివరికి వచ్చిన మొత్తాన్ని పొలం విస్తీర్ణంతో భాగించి ఎకరాకు ఎంతో రాయండి. ఇతరులతో పోల్చాలంటే హెక్టారుకు మార్చుకోవాలి, 2.47 ఎకరాలు ఒక హెక్టారు.

ఐదో అడుగు: వైవిధ్యాన్ని అంకెగా మార్చడం

"మా పొలంలో ఐదు జాతులున్నాయి" అనడం సగం సమాచారమే. రెండు ఊహా పొలాలు చూడండి, రెంటిలోనూ 50 చెట్లు, ఐదు జాతులు. మొదటి దాంట్లో వేప 20, కానుగ 10, మామిడి 10, చింత 5, టేకు 5. రెండో దాంట్లో జామాయిల్ 46, మిగిలిన నాలుగు జాతులు ఒక్కొక్కటి. రెంటినీ ఒకే గాట కట్టలేం కదా.

దీనికి షానన్ సూచిక ఉంది. ప్రతి జాతి మొత్తంలో ఎంత వంతో చూసి, ఆ వంతును దాని సహజ సంవర్గమానంతో (లెక్కల పట్టికలో LN) గుణించి, అన్నీ కూడి, ముందున్న రుణ గుర్తు తీసేయాలి. మొదటి పొలానికి 1.47, రెండోదానికి 0.39 వస్తుంది. ఈ అంకెలు వినగానే అర్థం కావు కనుక మరో మెట్టు ఎక్కి, లెక్కల పట్టికలో =EXP(1.47) అని కొట్టి ఘాత విలువ తీయండి. మొదటి పొలం 4.35, రెండోది 1.48. మొదటి పొలం నాలుగు జాతులకు పైగా సమానంగా ఉన్న పొలంతో సాటి. రెండోది ఒకటిన్నర జాతి ఉన్న పొలంతో సాటి. ఇది ఎవరికైనా చెప్పవచ్చు, ఎవరికైనా తెలుస్తుంది.

ఇదే లెక్కను చెట్ల సంఖ్యతో కాక కర్బనం వంతులతో మరోసారి కట్టండి. ఇక్కడే అసలు సంగతి బయటపడుతుంది. సంఖ్యలో ఎంతో వైవిధ్యం ఉన్న పొలంలో కర్బనం ముప్పాతిక భాగం రెండు పాత చింతల్లో ఉండవచ్చు. అప్పుడు ఆ రెండు చింతలే మీ నిల్వ అని, వాటి మీదే మీ కాపలా ఉండాలని తెలుస్తుంది.

ఆరో అడుగు: నేలలో ఉన్నది

చెట్టు మానులో ఉన్నది కంటికి కనిపిస్తుంది, నేలలో చేరేది కనిపించదు. ఒక పెద్ద చెట్టును ఎంచుకుని, మాను నుంచి ఒక మీటరు దూరంలో, కొమ్మల అంచు కింద, నీడ అసలు పడని చేను మధ్య, ఇలా మూడు చోట్ల మట్టి తీయండి. ఒక్కో చోట 0–15, 15–30 సెంటీమీటర్ల లోతులు విడిగా. ప్రయోగశాల సేంద్రియ కర్బనం శాతం చెబుతుంది. మన దగ్గర 0.5 లోపైతే తక్కువ, 0.75 పైనైతే ఎక్కువ అని లెక్క, మెట్ట ఎర్ర నేలలు చాలావరకు మొదటి కోవలోకి వస్తాయి.

శాతంతో టన్నులు తేలవు, నేల ఎంత చిక్కగా ఉందో కావాలి. 5 సెంటీమీటర్ల వ్యాసం, 5 సెంటీమీటర్ల పొడవు ఉన్న ఇనుప గొట్టం ముక్కను కదలకుండా నేలలోకి దించి, అందులోని మట్టిని పూర్తిగా ఆరబెట్టి తూచండి. గొట్టం ఘనపరిమాణం 98 ఘన సెంటీమీటర్లు. మట్టి 137 గ్రాములు తూగితే సాంద్రత 1.4. ఇప్పుడు కర్బన శాతం, సాంద్రత, లోతు సెంటీమీటర్లలో, ఈ మూడూ గుణిస్తే హెక్టారుకు టన్నులు వస్తాయి. 0.45 × 1.4 × 30 అంటే 18.9 టన్నులు.

శాతంలో 0.05 పెరిగితే హెక్టారుకు 2.1 టన్నులు, ఎకరాకు 0.85 టన్నుల కర్బనం అదనంగా చేరినట్లు. కార్బన్ డయాక్సైడ్‌గా చూస్తే మూడు టన్నులకు పైమాటే, పైన లెక్కించిన పెద్ద వేపలు రెంటి కంటే ఎక్కువ. వినడానికి బాగుంటుంది. కానీ 0.05 తేడా నమూనా తీసిన తీరు వల్ల, ప్రయోగశాల మారడం వల్ల కూడా వస్తుంది. అందుకే ఏటా మట్టి పరీక్షించి పెరిగిందని చెప్పకండి. ఐదేళ్ళ తర్వాత అదే చోట, అదే నెలలో, అదే ప్రయోగశాలకు పంపి చూడండి.

ఏడో అడుగు: ఏది ఉంచాలి, ఏది నాటాలి

మీ దగ్గర ఇప్పుడు రెండు జాబితాలున్నాయి. ఒకటి కర్బనం ఎక్కువ ఉన్న చెట్లది, మరొకటి పొలంలో లేని జాతులది. మొదటి జాబితాలో పైనున్న పది చెట్లకు తెల్ల పెయింటుతో గుర్తు పెట్టి, ఇవి కొట్టేవి కావని ఇంట్లో, కౌలుదారుతో, ట్రాక్టరు నడిపేవారితో చెప్పండి. వేసవిలో చెత్త తగలబెట్టేటప్పుడు ఈ చెట్ల మొదళ్ళ చుట్టూ రెండు బారల మేర ఆకు ఊడ్చి నేల శుభ్రంగా ఉంచండి. గట్టు తగలబడి బెరడు ఒక వైపు కాలిన చెట్టు వెంటనే చావదు, ఆ గాయంలోంచి పుచ్చు పట్టి కొన్నేళ్ళకు గాలివానకు కూలుతుంది. మెట్ట పొలాల్లో పెద్ద చెట్లు ఇలా చడీచప్పుడు లేకుండా పోతుంటాయి.

తర్వాత తనంతట వచ్చిన మొక్కలను వెతకండి. పిట్టలు వాలే చెట్ల కింద, గట్ల మీద, ముళ్ళ పొదల మధ్య వేప, నేరేడు, దిరిసెన, రేగు పిల్లలు దాగి ఉంటాయి. వీటికి గుంత తవ్వే పని లేదు, నీళ్ళు పోసే పని లేదు, వేరు ఇప్పటికే కింద తేమను అందుకుంది. నరికిన మోడు నుంచి ఐదారు చిగుళ్ళు వచ్చి ఉంటే, బలమైన ఒకటి రెండు ఉంచి మిగిలినవి కోసేయండి. రెండు వానాకాలాలు మేకల నుంచి కాపాడితే చాలు. నర్సరీ నుంచి తెచ్చే మొక్క కంటే నాకు వీటి మీదే నమ్మకం ఎక్కువ.

అప్పటికీ చోటు మిగిలితే నాటండి. నా నియమం: పొలంలో ఏ ఒక్క జాతీ మొత్తంలో మూడో వంతు దాటకూడదు. దీనికి కారణం మన కళ్ళెదుటే ఉంది. 2021–22లో తెలుగు రాష్ట్రాల్లో వేప చెట్ల కొమ్మల చివర్లు ఎండిపోయి ఊరూరా కలవరం పుట్టింది. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, తేయాకు దోమ నల్లి కలిసి చేసిన పని అది. చాలా చెట్లు మళ్ళీ చిగిర్చాయి, కానీ గట్లన్నీ వేపే ఉన్న పొలానికి ఆ ఏడు నీడ, పచ్చిరొట్ట, గింజ ఒక్కసారే పోయాయి. 1988లో సుబాబుల్‌కు ఆకు రసం పీల్చే సిల్లిడ్ పురుగు దేశంలోకి వచ్చినప్పుడు, జామాయిల్‌కు బుడిపెలు తెచ్చే కందిరీగ వచ్చినప్పుడు జరిగిందీ ఇదే. రకరకాల చెట్లుంటే తెగులు వచ్చినా ఒక భాగాన్నే పట్టుకుంటుంది.

జాతిని నేలను బట్టి ఎంచండి. గరప, ఎర్ర నేలల్లో వేప, సీతాఫలం, ఉసిరి, రేగు నిలబడతాయి. నీరు నిలిచే నల్లరేగడిలో వేప ఇబ్బంది పడుతుంది, నల్ల తుమ్మ తట్టుకుంటుంది. చవిటి నేలకు కానుగ మంచిది. కాలువ ఒడ్డుకు, చెరువు కింద తేమ నేలకు నేరేడు, తెల్ల మద్ది. చింత నీడ దట్టం, దాని కింద పంట రాదు కాబట్టి పొలం మూలకో కొట్టం దగ్గరికో పంపండి. శ్రీగంధం నాటాలనుకునేవారు ఒకటి తెలుసుకోవాలి: అది ఇతర మొక్కల వేళ్ళ నుంచి కొంత ఆహారం తీసుకుంటుంది, కంది వంటి తోడు లేకుండా సరిగ్గా ఎదగదు. మిశ్రమంలో తప్ప బాగుపడని చెట్టు అది.

చదరంగా ఉన్న నాలుగెకరాల పొలం చుట్టుకొలత సుమారు 509 మీటర్లు. ఎనిమిది మీటర్లకొకటి చొప్పున 63 చెట్లు పడతాయి. ఒకే జాతిని వరసగా నాటకుండా కలిపి వేయండి, వాటి మధ్య గ్లిరిసిడియా కొమ్మలు మీటరుకొకటి గుచ్చండి. గ్లిరిసిడియా కొమ్మను ఏటా కోసి చేలో వేయవచ్చు, నత్రజని ఇస్తుంది. రెండు మూడు మంచి వానలు పడి నేల లోతుగా తడిసిన తర్వాతే నాటండి. తొలకరి చినుకుకే నాటిన మొక్క ఆ తర్వాత వచ్చే ఎండకు మాడుతుంది.

జామాయిల్, సుబాబుల్ తోటల రైతును నేను తప్పుపట్టను. కాగితం మిల్లు కొంటుంది, డబ్బు చేతికి వస్తుంది. అయితే నాలుగేళ్ళకోసారి కొట్టే తోటలో నిల్వను కోతకు ముందు రోజు కొలిచి ఎకరాకు ఇంత అని చెప్పడం సరికాదు. కోసిన మర్నాడు నేలపైన ఏమీ ఉండదు. చక్రం మొత్తానికి సగటు తీస్తే పై అంకెలో సగం కూడా ఉండకపోవచ్చు. అలాంటి తోట చుట్టూ గట్ల మీద కొట్టని జాతులు నాటితే ఆ పొలానికి ఎప్పుడూ ఉండే నిల్వ ఏర్పడుతుంది.

ఎనిమిదో అడుగు: నీడ, వేళ్ళ తగవు

చెట్టు కొట్టించేది ఎక్కువగా నీడే కనుక దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మన అక్షాంశాల్లో యాసంగి కాలంలో సూర్యుడు దక్షిణంగా ఉంటాడు, నీడ ఉత్తరానికి పడుతుంది. ఉత్తరపు గట్టు మీద ఎత్తైన చెట్లు పెడితే మీ పంటకు నీడ తక్కువ, పక్క రైతు పంటకు ఎక్కువ. నాటకముందే ఆ రైతుతో మాట్లాడి, కాయలోనో కొమ్మలోనో వాటా ఒప్పుకుంటే తగవు ఉండదు. చేను మధ్య వరసలు వేయాలంటే తూర్పు పడమరలుగా వేయండి, వానాకాలంలో నీడ చాలావరకు వరస కిందే ఉండిపోతుంది.

వానాకాలం పంట వేసే ముందు కింది కొమ్మలు తీయండి. మాను ఎత్తులో మూడో వంతు వరకు శుభ్రం చేస్తే చాలు, అంతకు మించితే చెట్టు ఎదుగుదల కుంటుపడుతుంది. కొమ్మను మానుకు ఆనించి కాక, మొదట్లో ఉబ్బుగా ఉన్న భాగం వదిలి కోయండి, గాయం త్వరగా పూడుతుంది. పంట వైపు వేళ్ళు పాకుతుంటే చెట్టు వరసకు మీటరు పైగా ఎడంగా అరమీటరు లోతు కందకం తీయవచ్చు. అది వాన నీటినీ పట్టి ఉంచుతుంది.

తొమ్మిదో అడుగు: కార్బన్ క్రెడిట్ అడిగేవారు వస్తే

ఒక క్రెడిట్ అంటే గాలిలోంచి తీసిన, లేదా గాలిలో చేరకుండా ఆపిన, ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు లెక్క; దాన్ని అమ్ముకోవచ్చు. పొలంలో నాటే మొక్కలకు క్రెడిట్ డబ్బు ఇస్తామని సంస్థలు రైతుల దగ్గరికి వస్తున్నాయి. సంతకం పెట్టే ముందు మీ అంకెలు మీ చేతిలో ఉండాలి. 50 కొత్త వేపలు బతికి 10 సెంటీమీటర్ల వ్యాసానికి వచ్చినా, వేళ్ళతో కలిపి మొత్తం 2.6 టన్నులు, అంటే రెండున్నర క్రెడిట్లు. అంతకు ఎన్నో రెట్లు వస్తుందని ఎవరైనా చెబితే లెక్క అడగండి. నాటే ప్రాజెక్టుల్లో ఇప్పటికే ఉన్న పాత చెట్లకు సాధారణంగా క్రెడిట్ రాదు, అదనంగా చేరినదానికే వస్తుంది. ఒప్పందం దశాబ్దాల పాటు ఉంటుంది. మధ్యలో చెట్టు ఎండిపోతే, భూమి అమ్మితే, వాటాలు పంచుకుంటే ఏమవుతుందో కాగితం మీద తెలుగులో రాసి ఉండాలి. చెట్టు మీద హక్కు, కాయ మీద హక్కు, కర్బనం మీద హక్కు మూడూ విడివిడిగా రాయించుకోండి.

అమ్మకానికి చెట్లు కొట్టాలన్నా ముందు నియమాలు చూసుకోవాలి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం రెండు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. పట్టా భూమిలో చెట్టుకైనా అనుమతి అవసరం కావచ్చు. ఎర్రచందనం, శ్రీగంధం విషయంలో అటవీ శాఖను అడగకుండా ఒక్క కొమ్మ కూడా కదిలించకండి.

పదో అడుగు: మళ్ళీ కొలవండి

మూడు నుంచి ఐదేళ్ళకోసారి, అదే నెలలో, అదే చోట కొలవండి. మొదటిసారి టేపు పట్టిన చోట మాను మీద పెయింటు గీత ఉంటే రెండోసారి అంగుళం తేడా కూడా రాదు. ఎదుగుదల ఏటా సెంటీమీటరో రెండో మాత్రమే ఉంటుంది కనుక ఆ గీత లేకపోతే పెరిగిందా, టేపు జారిందా అన్నది తేలదు.

పోయిన చెట్టు వరసను పుస్తకంలోంచి కొట్టేయకండి. పక్కన సంవత్సరం, కారణం రాయండి: గాలివాన, గట్టు నిప్పు, రోడ్డు వెడల్పు, తెగులు, పెళ్ళి ఖర్చుకు అమ్మకం. అది దూలమో తలుపో అయి ఉంటే కర్బనం ఇంకా నిలిచే ఉంది, వంటచెరకు అయితే గాలిలో కలిసింది. రెంటినీ వేరువేరుగా రాయండి. ఆ కారణాల జాబితాను రెండోసారి కొలిచినప్పుడు చదివితే తర్వాతి ఐదేళ్ళు దేని మీద కన్నేసి ఉంచాలో తెలుస్తుంది. పొలం కౌలుకిచ్చి ఉంటే ఆ పుస్తకం నకలు ఒకటి కౌలుదారుకు ఇచ్చి, గుర్తు పెట్టిన చెట్లను ఒక్కొక్కటే దగ్గరుండి చూపించండి. కొమ్మ నరకాలా, నిప్పు ఆపాలా, మేకను తోలాలా అని రోజూ నిర్ణయించేది ఆయనే. కౌలు ఒప్పందంలో ఆ చెట్ల కాయలో, కొమ్మలో ఆయనకూ వాటా రాయండి.